ఎర్ర దీపం మీద బొట్టుబిళ్ల

నేను ఒక ఆఫీసు ఫోన్‌ను. నాకున్న భయం ఒక్కటే. అవతల ఎవరో గుండె చేతబట్టుకుని పిలుస్తుంటే ఇక్కడ నేను మోగకపోవడం. ఆ భయమే నిజమైంది.

నన్ను తయారుచేసిన చోట ఒకమ్మాయి మూడుసార్లు మోగించి చూసుకుని మరీ పెట్టెలో పెట్టింది. పాత ఫోన్లలాగా నాకు స్తంభాల మీది తీగ అక్కర్లేదు, ఇంటర్నెట్ ఉంటే చాలు. ఒకరి కాల్‌ను ఇంకో గదికి పంపగలను, ఆగమని పాట వినిపించగలను. ఎవరూ ఎత్తకపోతే అవతలివాళ్ల మాటలు దాచిపెట్టి, ఎర్ర దీపం వెలిగిస్తూ ఆర్పుతూ కబురుందని చెప్పగలను. ఇన్ని నేర్పినవాళ్లు, ఎవరు ఏది నొక్కినా ఎదురు చెప్పకూడదని కూడా నేర్పారు.

విశాఖ దగ్గర ఒక రొయ్యల కంపెనీలో మొదట మేనేజరు గారి బల్ల మీద ఉన్నాను. నాలో ఆయన ఎక్కువగా పలికిన మాట "నేను లేనని చెప్పు". అక్కణ్ణుంచి గేటు పక్క గదిలోకి, అక్కడ రిజిస్టరు రాసే నూకరత్నం చేతికి వచ్చాను.

నూకరత్నానికి ఇరవై మూడేళ్లు. తొమ్మిదో తరగతిలోనే ఇంట్లోవాళ్లు చదువు ఆపేశారు. కూతురు తన్వికకు రెండేళ్లు నిండాయి. జ్వరం వస్తే పిల్లకు ఫిట్స్ వస్తాయి. ఆ కంపెనీలో పనివాళ్లు సెల్‌ఫోన్లు గేటు దగ్గరే ట్రేలో పెట్టి లోపలికి రావాలి. అందుకని పిల్లను చూసుకునే అప్పలకొండమ్మ తన ఇంటి గోడ మీద బొగ్గుతో నా నంబరు రాసుకుంది.

"భయపడకమ్మా, నీ పిల్ల గురించి ఫోనొస్తే ముందు నీకే మోగుతుంది" అన్నాడు సూపర్‌వైజరు శేఖర్. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

అప్పలకొండమ్మ రోజూ ఫోన్ చేసేది.

"పప్పన్నం తినీసింది. నా సెవి కూడా కొరికీసింది, నీ కూతురు!"

"కొరకనీ పిన్నీ, నా సెవి కూడా అలాగే కొరికీసింది."

ఆ నవ్వులు శేఖర్‌కు గిట్టలేదు. ఒక బుధవారం ఆమె అన్నానికి వెళ్లినప్పుడు నా మీటలు నొక్కాడు. అప్పలకొండమ్మ నంబరు నుంచి ఏ కాల్ వచ్చినా మోగకుండా నేరుగా కబుర్ల పెట్టెలో పడేలా చేశాడు.

"సార్, ఈవేళ మా పిన్ని ఫోనే రాలేదండి?"

"పిల్ల బాగుంటే ఎందుకు చేస్తుంది?"

"ఈ ఎర్ర లైటేటండి, ఆరి వెలుగుతోంది?"

"కరెంటు లైటమ్మా. పని చూసుకో."

కళ్లు లాగుతున్నాయని ఆమె తన నుదుటి బొట్టుబిళ్ల తీసి ఆ దీపం మీద అతికించింది. నా మీద అది అందంగా ఉందని నవ్వింది కూడా. ఆ బిళ్ల కింద నేను ఎంత కొట్టుకున్నానో ఎవరికి తెలుసు?

మర్నాడు, గురువారం ఉదయం పదిన్నరకు అప్పలకొండమ్మ ఫోన్ చేసింది. నాలోని రికార్డు గొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"అమ్మా, నువ్వెవురో గాని మా రత్నాన్ని పిలు తల్లీ! పిల్లకి ఒళ్లు కాలిపోతన్నాది!"

"థాంక్యూ" అంది రికార్డు గొంతు.

అలా నాలుగుసార్లు. నాకు రెండడుగుల దూరంలో నూకరత్నం రిజిస్టరు రాసుకుంటోంది.

మూడింటికి అప్పలకొండమ్మ చెప్పుల్లేకుండా గేటుకొచ్చి పడింది. "పెద్దాసుపత్రిలో ఏసినానే! ఫిట్సొచ్చినాయి! నాలుగుపాలి సేత్తే ఓ దొరసాని థాంక్యూ అని పెట్టీసింది!"

నూకరత్నం నన్ను చూసింది. బొట్టుబిళ్ల పీకింది. దీపం పక్కనున్న మీట నొక్కితే, నిన్నటి కబురు తర్వాత అప్పలకొండమ్మ గొంతు నాలుగుసార్లు ఏడ్చింది.

"కరెంటు లైటన్నారు కదండీ, సార్?"

శేఖర్ ఆమె వంక చూడలేదు. "మిషన్‌లో లోపం" అన్నాడు.

ఆమె చేతిలోని బిళ్లను నా మీదే పడేసి పరుగెత్తింది. మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే నా ఇంటర్నెట్ తీగ పీకి, మీద "పాడైంది" అని రాసి స్టోరు గదిలో పడేశారు. నేను పాడవలేదు. చెప్పినట్టు చేశాను, అంతే. ఆ మాటే నన్ను తినేస్తోంది.

తన్విక ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. కూర్మన్నపాలెంలో రేషను షాపు వెనక సందు, బొగ్గుతో నంబరు రాసిన గోడ. మీరు అటువైపు వెళితే ఆ పిల్ల ఎలా ఉందో చూసి రండి. ఫోన్ చేసి ఊరుకోకండి. వెళ్లి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి.