పటికనీళ్ల గీత

"గీసేది మేము, ఉతికేది మీరు. ఎవురి పని వాళ్లది."

పెళ్లైన కొత్తలో దేవరాజులు నవ్వుతూనే అన్నాడీ మాట. పదకొండేళ్లయినా ఆ నవ్వు మునిరత్నమ్మ చెవుల్లోంచి పోలేదు. ఇప్పుడు కూడా ఆమె చేతిలో ఉన్నది అతను బొమ్మలు గీసే గుడ్డే. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానిన గుడ్డను మెలిపెట్టి పిండుతోంది. పాలు సరిగా పట్టకపోతే గీసిన గీత పాకిపోతుంది. అతని గీత వెంట్రుకంత సన్నగా నిలబడుతోందంటే ఈ పాల చలవే. ఆ నీచువాసన ఆమె జుట్టుకు పడుతుంది, చీరకు పడుతుంది. దగ్గరికొస్తే ముక్కు మూసుకునేదీ అతనే. పాలు పట్టించడం, రంగు వేర్లు ఉడకబెట్టడం, ఏట్లో జాడించి ఇసుకలో ఆరబెట్టడం శ్రీకాళహస్తిలోని ఆ ఇంట్లో ఆడవాళ్ల వంతు. కలంకారీ అన్న పేరు మాత్రం మగవాళ్ల వంతు.

పోయినేడు అతను చిత్తూరు వెళ్లినప్పుడు మునిరత్నమ్మ కలం పట్టింది. గుడ్డ అంచున, భుజాన తడిబట్ట వేసుకుని ఏట్లోకి దిగుతున్న ఆడమనిషిని నల్లరంగుతో గీసింది. తిరిగొచ్చిన దేవరాజులు అరవలేదు. "నిమ్మకాయలు తే" అన్నాడు. నల్లరంగు నిమ్మరసానికి పోతుంది. ఆ కాయలు ఆమె చేతనే కోయించాడు, ఆమె చేతనే పిండించాడు.

"దేముడి పటంలో నీకేం పని? మూడు దినాలు దూరముండే చెయ్యి కలం పట్టొచ్చునా?"

ఆ మూడు రోజులూ ఏట్లో గుడ్డలు జాడించే చేతికి లేని మైల కలం పట్టగానే ఎక్కడినుంచి ఊడిపడిందో! అడగలేదు. అడగనందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఈ ఏడు తిరుపతిలో కళల చరిత్ర చెప్పే లెక్చరరమ్మ పంకజాక్షి వచ్చి, తమ కాలేజీ గోడకు రామాయణం గుడ్డ కావాలంది. వెంట పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చింది. కాఫీ తెచ్చిన మునిరత్నమ్మ కదలకుండా అక్కడే నిలబడిపోయింది. తెరిచిన పేజీలో జావా దేశపు ఆడవాళ్లు వరసగా కూర్చుని కరిగిన మైనంతో గుడ్డ మీద గీస్తున్నారు.

"అక్కడ గీసేది ఆడవాళ్లేనమ్మా" అంది పంకజాక్షి.

"ఆ దేశం వేరే మేడమ్" అన్నాడు దేవరాజులు.

తర్వాతి పేజీలో మన వైపు పాత గుడ్డే, ఏదో దేశపు మ్యూజియంలో ఉందట. గీసినవారి పేరు తెలియదని కింద రాసి ఉందని పంకజాక్షి చదివి చెప్పింది.

"ఎంత అన్నేయం సూడండి! గీసినోడి పేరే లేకుండా సేసినారు" అని వాపోయాడు దేవరాజులు.

మునిరత్నమ్మకు నవ్వు ఆగలేదు. "ఉతికినోళ్ల పేరు ఏమన్నా ఉండాదా అమ్మా?"

పంకజాక్షి తలెత్తి చూసింది.

దేవరాజులు నల్లగీతలు ముగించి రామాయణం గుడ్డ మునిరత్నమ్మకిచ్చాడు. ఎర్రగా రావలసిన చోట పటికనీళ్లు పూయడం ఆమె పని. పూతే కదా, గీత కాదుగా! పటికనీళ్లకు రంగు లేదు. పూసిన చోట మంజిష్ఠ వేర్లతో ఉడికితేనే ఎరుపు బయటికొస్తుంది. ఈ పని వందసార్లు చేసింది, కానీ ఆలోచన ఆ రోజే తట్టింది. పట్టాభిషేకం కింద జానెడు ఖాళీ ఉంది. సన్న కలం పటికనీళ్లలో ముంచి గీసింది. గీసిన గీత ఆరిపోగానే కనబడదు. మోకాళ్లలోతు నీళ్లలో గుడ్డలు జాడిస్తున్న ఆడవాళ్లను చేతి గుర్తుతోనే గీసుకుంటూ పోయింది. సాయంత్రం దేవరాజులు గుడ్డ తిప్పి చూసి "బాగా పూసినావు" అన్నాడు.

మర్నాడు రాగి గంగాళంలో గుడ్డ ఉడుకుతుంటే అత్త చెంగమ్మ కర్రతో తిప్పుతోంది. రాముడి ఉత్తరీయం ఎర్రబడింది, సీత చీర ఎర్రబడింది. ఆ కింద ఒక్కొక్కరే ఆడవాళ్లు తేలారు. చెంగమ్మ కర్ర ఆపేసింది.

"ఈ వంగిపోయిన నడుము నాదే కదనే?"

"నీదే అత్తా."

చెంగమ్మ కొడుకున్న గది వైపు చూసింది. ఇప్పుడు పిలిస్తే అంతా అయిపోతుంది. ముసలామె వంగి ఇంకో కట్టె పొయ్యిలోకి తోసింది.

"బాగా ఉడకనీ. మళ్లా పోకుండా పట్టాల."

గుడ్డ పైకి తీశాక దేవరాజులు వచ్చి చూశాడు. మొహం జేవురించింది. "నిమ్మ..." అని నోరు తెరిచి, ఆగిపోయాడు. ఉడికిన ఎరుపు నిమ్మరసానికి లొంగదని అతనికి వేరే చెప్పాలా?

"ఆ మేడమ్‌కి ఏం జెప్పాల నేను?"

"నీ పెండ్లాం గీసిందని జెప్పు."

బరువైన ఆ తడిగుడ్డ ఒక కొస తాను భుజాన వేసుకుని, రెండో కొస అతని చేతుల్లో పెట్టింది మునిరత్నమ్మ.

"పద, ఏటికి పోదాం. ఈపొద్దు గీసింది నేను, ఉతికేది నువ్వు."