రాక్షసి ఇంటి గడప

ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మాకోల్‌తో నా మనవరాలు ప్రజ్ఞ రాక్షసి ఇల్లు కట్టింది. చెప్పుల డబ్బా అంత ఉంటది. పెన్సిల్ మొనతో ఒత్తి గోడలకు రాళ్ల గీతలు తీసింది. ఐస్‌క్రీం పుల్లలు కోసి తలుపు పెట్టింది. పై అంతస్తును మాత్రం చేతితో సగం తుంచేసింది. మంచిగ కట్టిన ఇంటిని ఎందుకు కూలగొడుతున్నవే అని అడిగితే, కూలితేనే భయం పుడుతది అమ్మమ్మా అన్నది.

అది ప్రజ్ఞ, ఆమె దోస్తులు ఆదివారం ఆడే ఆట కోసం. బల్ల చుట్టూ కూర్చుంటరు. ఒకరు కథ నడుపుతరు, మిగిలినోళ్లు ఆ కథలో కత్తులు పట్టిన వీరులు. ఒక్కొక్కరికి వేలెడంత బొమ్మ. ఏం చేయదలచుకున్నరో నోటితో చెప్పి పాచిక వేస్తరు. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతది, చిన్నది పడితే బోల్తా.

ఇన్నాళ్లు కథ నడిపింది దయాకర్. దమ్మాయిగూడ నుంచి బండి మీద వస్తడు, గొంతు మస్తు పెద్దది. ప్రజ్ఞది పక్కనున్నోళ్లకే వినపడే గొంతు. ఒక్కసారి నాకియ్యి అని ఎన్నోసార్లు అడిగితే ఈ ఆదివారం ఇచ్చిండు. బోర్ కొట్టిందంటే మళ్ల నేనే నడుపుతా అని ముందుగాలనే చెప్పిండట. అందుకే పిల్ల రోజూ నాచారం ల్యాబ్‌ల డ్యూటీ అయి రాంగనే ఆ ఇంటి ముందు కూర్చున్నది.

ఇంటికంతా నల్లరంగు పట్టించినంక, శనివారం డ్యూటీకి రమ్మని ఫోన్ వచ్చింది. ఇంక మిగిలింది బూడిద రంగు. అది నన్ను వెయ్యమని, ఎట్ల వెయ్యాలో చూపించింది. కుంచెను రంగులో ముంచి, పాత చీర ముక్క మీద తుడిచెయ్యాలె. దాదాపు ఏం మిగలలేదు అనుకున్నంక గోడ మీద తేలిగ్గ రాయాలె. అప్పుడు రంగు ఎత్తుల మీదనే అంటుకుంటది, సందులు నల్లగనే ఉంటయి.

"బూడిద రంగు ఒక్కటే, అమ్మమ్మా. ఇంకేం పెట్టకు" అని చెప్పి పోయింది.

కూర్చొని రాసిన. నల్లటి ముద్దలోంచి ఒక్కొక్క రాయి లేచి వచ్చింది, పొద్దటి ఎండకు మౌలాలి గుట్ట రాళ్లు తేలినట్టు. చాయ్ పెట్టుకున్న సంగతే మరిచిన. నాలుగు గోడలు అయినయి, తలుపు అయింది. చివరకు గడప. పుల్ల ముక్కనే, కాని బోసిగ ఉన్నది. తలుపు కూర్చోబెట్టినంక గడపకు పసుపు రాయకుండ మా ఇండ్లల్ల ఎవరూ వదిలిపెట్టరు. కూలిన ఇల్లయినా, రాక్షసిదైనా, గడప గడపే గద. చిటికెడు పసుపు తడిపి తెచ్చి రాసిన. అగ్గిపుల్లతో కుంకుమ బొట్లు పెట్టిన. అక్కడన్న ఆగితే బాగుండు. తలుపు ముందటి అట్ట మీద, వాకిలనుకొని, తడి బియ్యప్పిండితో ఇంత ముగ్గు గూడ వేసిన.

సాయంత్రం ప్రజ్ఞ వచ్చి చూసి, బ్యాగు గూడ దించకుండ స్టూల్ మీద కూర్చున్నది.

"అమ్మమ్మా, ఇది మనుషుల్ని తినే రాక్షసి ఇల్లు."

"తింటే తిననియ్యి. గడప కడుక్కోదా?"

పిల్ల నవ్వలేదు. తడిబట్టతో తుడిచి చూసింది. పసుపు పోలేదు గని కింది రంగు లేచి తెల్లటి పుల్ల బయటపడ్డది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. దయాకర్ దీన్ని చూసి నవ్వుతడు, ఒక్కసారి నవ్విన్రంటే ఇంక ఎవరూ భయపడరు అన్నది. లేచిన చోట నేనే మళ్ల పసుపు అద్దిన. అంతకన్న దారి లేకుండె.

తెల్లారి ముగ్గురు వచ్చిన్రు: దయాకర్, ఉప్పల్ నుంచి దుర్గాభవాని, ఆమె తమ్ముడు జీవన్. ప్రజ్ఞ కథ మొదలుపెట్టింది. ఊర్లె మేకలు మాయమైతున్నయి, అడుగులు అడవిలో ఒక ఇంటి దాక పోయినయి. గొంతు సన్నగ వస్తున్నది. దయాకర్ రెండు మూడుసార్లు ఫోన్ తీసి చూసుకున్నడు. నేను పల్లీలు పట్టుకొని వంటింటి తలుపు దగ్గరనే నిలబడ్డ.

ఆమె ఇల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. దయాకర్ బొమ్మను తలుపు ముందుకు జరిపి, పాచిక గుప్పిట్ల పట్టుకొని, తలుపు తన్నుతా అన్నడు. వీడు కథ నడిపినా మొదలు తలుపు తన్నుడే, సొంతింటికి గూడ గిట్లనే పోతడేమో అని దుర్గాభవాని ఎత్తిపొడిచింది. అతను వంగి తలుపును చూసిండు. గుప్పిట తెరవలేదు.

"గడపకు పసుపున్నది."

"ఉన్నది" అన్నది ప్రజ్ఞ, ఇంకా సన్నగ.

"ముగ్గు గూడ ఉన్నది. అంటే పొద్దున్నే లేచి ఎవరో వేసిన్రు. లోపల ఎవరో ఉన్నరు."

ఎవరూ నవ్వలేదు. పసుపు గడపను తంతే మా అమ్మ నన్ను తంతది అన్నడు జీవన్. దయాకర్ పాచిక కింద పెట్టిండు.

"తన్నను. మెల్లగ తలుపు కొట్టి నిలబడతా."

తలుపు తన్నంగనే వీరులు గోతిలో పడాలె, రాక్షసి వాళ్ల మీద పడాలె, కొట్లాట కావాలె. ప్రజ్ఞ కాయితంల రాసుకున్నది అదొక్కటే. ముగ్గురూ ఆమె దిక్కే చూస్తున్నరు. ఆమె కాయితం చూసింది, నన్ను చూసింది. తర్వాత కాయితం పక్కకు పెట్టేసింది.

"లోపల చీపురు చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకున్నది. గుమ్మం నిండ రాక్షసి, చేతులకు పిండి. మిమ్మల్ని చూసి ఏమంటదంటే..." నా దిక్కు తిరిగింది. "ఏమంటది, అమ్మమ్మా?"

వాకిట్లకు మనుషులొస్తే ఏమంటనో అదే అన్న.

"ముగ్గు తొక్కకుండ రాండ్రి. కాళ్లు కడుక్కున్నరా?"

దుర్గాభవాని పకపక నవ్వింది. ఆ నవ్వు ఆగినంక ప్రజ్ఞ, వాళ్ల వెనుక తలుపు దానంతటదే మూసుకున్నదని చెప్పింది. ఎంత మెల్లగ చెప్పిందంటే, వినడానికి ముగ్గురూ బల్ల మీదికి వంగిన్రు. మళ్ల నిటారుగ కూర్చోలేదు. దయాకర్ ఫోన్ బోర్లా పడి ఉన్నది, ఎన్నిసార్లు మోగినా చూడలేదు.

రాక్షసి వాళ్లకు వడ్డించింది. కంచంల ఏం మాంసమో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఇంక వద్దు అనడానికి దయాకర్ పాచిక వేస్తే ఒకటి పడ్డది. రాక్షసి మళ్ల వడ్డించింది, గరిటెతో గట్టిగ పెట్టమని చెప్పింది నేనే. నేను చేసిన సర్వపిండి రొట్టెలు అదే బల్ల మీద చల్లారిపోయింది.

పొద్దుగూకే యాళ్లకు గూడ మేకల సంగతి తేలలేదు. ఆ రాక్షసి మంచిదా, చెడ్డదా అని దయాకర్ అడిగిండు. ప్రజ్ఞ చెప్పలేదు.

"అయితే వచ్చే ఆదివారం గూడ నువ్వే నడిపియ్యి" అన్నడు. "తెలుసుకోకుండ ఎట్ల ఉండాలె?"

పోయేటప్పుడు మా గడప దగ్గర కాలు మోకాలి దాక ఎత్తి దాటిండు. దుర్గాభవాని, జీవన్ మెట్ల కింది దాక దాని మీద నవ్వుకుంటనే పోయిన్రు.

ప్రజ్ఞ ఇంటిని ఎత్తి కిటికీల భద్రంగ పెట్టింది.

"పెరట్ల ఒక బావి కావాలె, అమ్మమ్మా. శనివారం రంగు వేద్దువు."

"బూడిద రంగు ఒక్కటేనా?" అని అడిగిన.

"బూడిద రంగు వెయ్యి" అన్నది. "తర్వాత నీ ఇష్టం."