దిగిన ఫోటో

ఇమ్మానుయేల్ నా ఫోటో చూసి "బాగున్నది మేడం" అన్న రోజున నాకు ఏడుపొక్కటే తక్కువ.

మెచ్చుకుంటే ఏడుపెందుకంటారా? మా సంగతి తెలియాలి. ప్రతి ఆదివారం పొద్దున్నే యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ముగ్గురం కలుస్తాం. రైల్వేలో గార్డుగా రిటైరై మెట్టుగూడలో స్థిరపడ్డ పేరయ్య గారు, హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తూ హాస్టల్లో ఉంటున్న ఇమ్మానుయేల్, తార్నాకలో బ్యాంకు ఉద్యోగం వెలగబెడుతున్న నేను, అంటే సుధామయి. ఆ వారం తీసిన వాటిల్లో ఒకటి ప్రింటు వేయించి తెచ్చి, మెట్టు మీద పెట్టి, గాలికి ఎగరకుండా గులకరాయి ఉంచుతాం. మిగతా ఇద్దరూ చూసి మంచిచెడ్డలు చెప్పాలి. రూల్స్ పేరయ్య గారు పెట్టినవి, రెండే. ఒకటి, తీసినవాళ్లు నోరెత్తకూడదు. రెండు, ఎవరూ "బాగుంది" అనకూడదు.

"బాగుంది అన్నామంటే సరిగ్గా చూడలేదని అర్థం. ఎందుకు బాగుందో చెప్పండి, లేదా ఎక్కడ చెడిందో చెప్పండి" అంటారాయన. నోరు జారి ఆ మాట అన్నవాళ్లు మెట్లు దిగి, రోడ్డు దాటి, అందరికీ చాయ్ తేవాలి.

రెండో రూలుతో నాకు పేచీ లేదు. మొదటిదే నా ప్రాణానికొచ్చింది. నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంటా వంటా లేదు.

అందులోనూ ఇమ్మానుయేల్‌కి మొహమాటం అనేది ఉండేది కాదు. "సుధక్కా, పెద్దాయన నెత్తిల కరెంటు స్తంభం మొలిచింది, సూసుకోలేదా?" అనేవాడు. "హుస్సేన్ సాగర్ గిట్ల ఒక్కదిక్కు ఒరిగిందేందక్కా, నీళ్లన్నీ సికింద్రాబాద్‌ల పడ్తయి" అనేవాడు. ఇంటికెళ్లేదాకా లోపల్లోపల తిట్టుకునేదాన్ని. కానీ వచ్చే వారం ఫోటోలో స్తంభం ఉండేది కాదు, నీళ్లు ఒలికేవి కావు. నాకేపాటి ఫోటో తీయడం వచ్చినా అది ఆ అబ్బాయి నోటి చలవే.

అలాంటిది నేనే చెడగొట్టుకున్నాను. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం బాగా వేడెక్కిన రోజులవి. క్యాంపస్‌లో క్లాసులు జరిగిన రోజులకన్నా జరగని రోజులే ఎక్కువ. మా ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఒక వారం నేను గేటు దగ్గర తీసిన ఊరేగింపు ఫోటో పెట్టాను. ఇమ్మానుయేల్ వెలుగు, నీడ, అంచులు అంటూ ఒక్కొక్కటే ఏకుతుంటే నాకు తిక్క రేగింది.

"మీవాళ్లకి మేమేం చేసినా తప్పేలే" అనేశాను.

నేనన్నది ఫోటో గురించే. కానీ మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి, ఇమ్మానుయేల్ వాళ్లది జనగామ పక్క పల్లె. "మీవాళ్లు", "మేము" అనే మాటలు ఆ రోజుల్లో ఫోటో దగ్గర ఆగేవి కావు. అతను గులకరాయి తీసి ఫోటో నా చేతికిచ్చాడు.

తరవాతి వారం నుంచి అక్క పోయి మేడం వచ్చింది, నువ్వు పోయి మీరు వచ్చింది. నేనేం పెట్టినా "బాగున్నది మేడం" అనడం, ఎవరూ చెప్పకుండానే లేచి చాయ్‌కి వెళ్లడం. ఆర్నెల్లు అతను తెచ్చిన చాయ్ తాగాను. నా ఫోటోలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

జూన్‌లో వంటావార్పు జరిగింది. రాష్ట్రం కావాలంటూ జనం రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే బంతులు తీరి తిన్నారు. మా ఫ్లాటు తార్నాకలో రోడ్డు మీదికే ఉంటుంది, మూడో అంతస్తు. బాల్కనీలో నిలబడి జూమ్ లాగి తీశాను. పొగ, గుండిగలు, రంగురంగుల బకెట్లు, విస్తళ్ల వరస, అన్నీ కుదిరాయి. పేరయ్య గారు మెట్టుగూడలో ఒక హాలు మాట్లాడి, ముగ్గురివీ తలా ఒక పెద్ద ఫోటో ప్రదర్శనకు పెడదామన్నారు. నాది ఇదేనని నిశ్చయించుకున్నాను.

ఆ ఆదివారం ఇమ్మానుయేల్ దాన్ని చాలాసేపు చూశాడు. నాకు ఆశ పుట్టింది.

"బాగున్నది మేడం" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"మీరైనా చెప్పండి పేరయ్య గారూ" అన్నాను.

"లోపం నాకు కనబడుతూనే ఉందమ్మా. కానీ నేను చెబితే ఫోటో ఒక్కటే బాగుపడుతుంది. వెళ్లి అతన్ని అడుగు."

ఫోటో పట్టుకుని వెళ్లాను. చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇమ్మానుయేల్, ఆ రోజు నేనన్న మాట తప్పు. కోపంలో వచ్చిందే అనుకో, కానీ వచ్చింది నా నోట్లోంచే. సిగ్గుగా ఉంది. నువ్వు తిట్టకపోతే నాకు ఫోటో రావడం లేదు."

అతను మూడు చాయ్‌లు చెప్పి నా వైపు తిరిగాడు. "నిజం చెప్పాల్నా? మల్ల గరం అయితరు."

"అవుతాను. అయినా చెప్పు."

చేయి చాచి ఫోటో తీసుకున్నాడు. "గీ గుండిగ కాడ ఉన్నామె ఎవరు?"

"ఎవరో."

"మీ సందుల పూలమ్మే శివమ్మ."

పదకొండేళ్లుగా శుక్రవారం శుక్రవారం ఆమె దగ్గరే మల్లెపూలు కొంటున్నాను. ఫోటోలో ఉన్నది పాపిట, కొప్పు.

"మరి గీ నీలం బకెట్ పట్టుకున్నోడు?"

నడినెత్తిన రెండు సుడులున్న తలకాయ. నాకేం తెలుస్తుంది?

"నేనే" అన్నాడు. "ఫోటో అయితే తీసినవ్. గని గిందుల ఒక్కలు గూడ దిగలేదు. మీదికెల్లి తీస్తే నెత్తులొస్తయి, మనుషులు రారక్కా."

అక్కా అన్నాడు. నాకు కోపమూ సంతోషమూ కలిసే వచ్చాయి, అలవాటు కొద్దీ కోపం ముందుకొచ్చింది.

"కిందికొస్తే నన్నెవరు రానిస్తారు?" అన్నాను. అసలు సంగతి అదీ. ఆ రోజు బాల్కనీలో నిలబడ్డది వెలుగు కోసం కాదు, భయం కొద్దీ.

"అడిగినవా?"

అడగలేదు.

నెల తిరక్కుండా మా చౌరస్తాలో మళ్లీ పొయ్యిలు వెలిగాయి. ఈసారి కెమెరా మెళ్లో వేసుకుని మూడంతస్తులూ దిగాను.  శివమ్మ నన్ను చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏందమ్మా, పూలేమన్న తక్కువొచ్చినయా?"

"లేదు శివమ్మా, మీ ఫోటో తీద్దామని."

"ఒట్టిగనే తీస్తవా? ముందుగాల గా వంకాయలు కొయ్యి."

నడిరోడ్డు మీద కూర్చుని గంపెడు వంకాయలు కోశాను. పక్కనున్న పెద్దావిడ మీది ఏ ఊరని అడిగింది. దాచకుండా, తెనాలి వాళ్లమనీ, పుట్టింది మాత్రం తార్నాకలోనేననీ చెప్పాను.

"అట్లనా? కూరల కారం ఎట్లున్నదో నువ్వే చెప్పాలె అయితే" అంది. అందరూ నవ్వారు. శివమ్మ గంటెతో కాస్త కూర నా అరచేతిలో వేసింది. బాగుంది అనబోయి ఆగాను.

"కారం సరిపోయింది. ఉప్పు తక్కువైంది."

నవ్వులు ఆగిపోయాయి. ఇంత మందిలో ఈ మాట ఎందుకన్నానా అనుకున్నాను. శివమ్మ నా వంక గుర్రుగా చూసి, తనూ రుచి చూసి, గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. మళ్లీ గంటె నా మీదికి చాపింది.

"గిప్పుడు చెప్పు" అంది నవ్వుతూ. కొంగు సర్దుకుని, "ఆగు, ఫోటో దిగుతం" అని పక్కవాళ్లను కూడా దగ్గరికి పిలిచింది. గంటె అలాగే నా ముఖం మీదే ఉంది. నొక్కాను.

ఆదివారం ఆ ఫోటోని మెట్టు మీద పెట్టి గులకరాయి ఉంచాను. ఇమ్మానుయేల్ గొంతుక్కూర్చున్నాడు.

"ఒరిగింది" అన్నాడు. "పొగతోని ఎడమదిక్కు ఖరాబైంది. గంటె మీదికొచ్చి మసకైంది. చివరామె చెయ్యి సగమే ఉన్నది. ఎనుక చూడు, శివమ్మ నెత్తిల మల్ల స్తంభం మొలిపించినవ్. ఇన్నేండ్లయినా నువ్వు మారవా సుధక్కా?"

నేను నోరెత్తలేదు. జీవితంలో మొదటిసారి నోరెత్తాలని కూడా అనిపించలేదు. ఎన్నాళ్లకో తిడుతున్నాడు, కడుపు నిండిపోయింది.

"కానీ?" అన్నారు పేరయ్య గారు.

"గని దిగిన్రు. అందరు దిగిన్రు. శివమ్మయితే అక్కను చూసి నవ్వుకుంట దిగింది. గా నవ్వు జూమ్‌ల రాదు."

పేరయ్య గారు ఫోటోని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, మెట్టుగూడ హాలుకి ఇదేనన్నారు. ఇమ్మానుయేల్ నా వైపు తిరిగాడు.

"ఇగ నువ్వు మాట్లాడొచ్చక్కా. ఏమన్న అంటవా?"

"బాగుంది" అన్నాను.

"ఏంది బాగున్నది? గిన్ని తప్పులు చెప్పిన గదా."

"అదే. నువ్వు చెప్పింది."

పేరయ్య గారు రోడ్డు వైపు వేలు చూపించారు. రూలు రూలే. లేచి చెప్పులేసుకున్నాను.

"సుధక్కా, నాకు షక్కర్ తక్కువ" అని వెనకనుంచి కేకేశాడు ఇమ్మానుయేల్.

అలాగేలే అని, చాయ్ కోసం మెట్లు దిగాను.