ముందు మాసమ్మకు

"మాసమ్మ వచ్చిందా?" ఆ సోమవారం పొద్దున కిషన్ రావు మళ్లీ అడిగాడు.

జయశ్రీకి వింతగా తోచింది. పెళ్లయిన నాటి నుంచి పనిమనిషి వచ్చిందో రాలేదో పట్టించుకున్న పాపాన పోలేదు ఆయన. అంట్లు వాటంతటవే తోముకుంటాయనుకునే రకం.

"రాలే. ఫోన్ గూడ బంద్ ఉన్నది. మీకేం పని ఆమెతోటి?"

"ఊరికెనే," అంటూ బాల్కనీలోకి పోయి రమాకాంత్‌కు ఫోన్ కలిపాడు. చెవులు కాస్త మందం కాబట్టి ఎప్పుడూ స్పీకరే. "ఇంకా రాలే సార్. జర ఆగండి. ఇయ్యాల మా ఇంట్లనే కదా భోజనం, ఆమె వచ్చినంకనే వండిస్త."

"నిన్న ఏవి పెట్టిన్రు ఆమెకు? ఆ పసుప్పచ్చనివేనా?" అన్నాడు అవతలి నుంచి రమాకాంత్.

"అవే."

"మంచిది. చూద్దాం మరి, ఆమె ఎట్లున్నదో."

వంటింట్లో బియ్యం కడుగుతున్న జయశ్రీ చేతులు ఆగిపోయాయి.

ఇదంతా గొడుగు మిత్ర మండలి వెలగబెట్టిన ఘనకార్యం. నారాయణగూడలో ఉండే రమాకాంత్ రిటైరయ్యాక, ఏమీ తోచక చిక్కడపల్లి లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం తిరగేశాడు. చలిదేశాల్లో మొలిచే పుట్టగొడుగుల బొమ్మల పుస్తకం. అంతే, తనంత నిపుణుడు లేడన్న నమ్మకం కుదిరింది ఆ పెద్దమనిషికి. తగుదునమ్మా అంటూ కిషన్ రావులాంటి వాళ్లు ఇంకొందరు వెంట చేరారు. వానలు మొదలైతే చాలు, ఆదివారం తెల్లారకముందే టోపీలు పెట్టుకుని, మెడలో భూతద్దాలు వేలాడేసుకుని, కార్లలో వికారాబాద్ దిక్కు పోవడం. ఒక్కో పుట్టగొడుగు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఫోటోలు దిగడం. సోమవారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో వండించుకుని, అడవి రుచే వేరని లొట్టలేయడం. బజారులో పొట్లాల్లో దొరికేవి వీళ్ల కంటికి ఆనవు. వాటిలో ప్రకృతి లేదట.

అడవి నుంచి రాగానే కిషన్ రావు ఒకటే మాట అనేవాడు, "ముందు మాసమ్మకు పెట్టు, పాపం. మనం రేపు తిందాం." రిటైరయ్యాక మా ఆయన మనసు ఎంత మెత్తబడిందోనని జయశ్రీ మురిసిపోయింది. నారాయణగూడలో కూరగాయలు కొనేటప్పుడు కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పుకుంది కూడా. నిన్న సాయంత్రమూ తన చేత్తోనే, ఇంత నూనె పోసి కమ్మగా వేయించి, గిన్నెడు కట్టిచ్చింది.

బాల్కనీలోకి వచ్చి నిలబడింది. "మాసమ్మకు మీరు పెట్టేది తింటదనా, బతుకుతదా లేదా చూద్దామనా?"

"గట్ల మాట్లాడకు జయా. వెనకట రాజుల దగ్గర గూడ ముందు రుచి చూసేటోళ్లు ఉండేటోళ్లు. అది వాళ్లకు గౌరవం."

"ఆ గౌరవం సంగతి మాసమ్మకు తెలుసా?"

"ఇన్ని వారాలు ఏం కాలే కదా," అన్నాడు ఆయన, తనేదో ఉపకారం చేసినట్టు.

జయశ్రీకి ఒళ్లు మండిపోయింది. కానీ తగువు పెట్టుకునే సమయం కాదది. మాసమ్మ ఒక్కతే తిని ఉండదు. ఇంట్లో మొగుడున్నాడు, ఎదిగిన కూతురుంది. ఏ చెప్పులు తొడుక్కుందో కూడా చూసుకోకుండా అశోక్‌నగర్ సందుల్లో పడి, కోచింగ్ పిల్లలను తప్పించుకుంటూ, జిరాక్స్ షాపులు దాటుకుంటూ మురుగునీళ్ల నాలా పక్క బస్తీకి నడిచింది. దారి పొడుగునా తను పోసిన నూనె వాసనే ముక్కుకు తగులుతోంది.

మాసమ్మ ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. జయశ్రీ ఇద్దరు ఆడవాళ్లను తోసుకుని ముందుకు పోయింది. చూస్తే ఎదురుగా నీళ్ల ట్యాంకర్, దాని పైపు కింద బిందె పట్టి, పక్కావిడతో పోట్లాడుతూ మాసమ్మ.

"ఏమాయెనమ్మా, ఇంత దూరం వచ్చినవ్?" అన్నది మాసమ్మ. "నల్లా రాలే, పొద్దుగాల్నుంచి గీ లైన్లనే ఉన్న. ఫోన్ల చార్జింగ్ లేదు."

"నీ పానం మంచిగున్నదా?"

మాసమ్మ నవ్వింది. "నువ్వు గూడ సార్ లెక్కనే అడుగుతున్నవ్. సోమారం వచ్చిందంటే సార్ నా పానం సంగతి అడగకుంట ఉండడు. నా పెనిమిటి గూడ గంత మంచిగ అడగడమ్మా."

"నిన్న ఇచ్చిన కూర తిన్నవా?"

మాసమ్మ బిందె పక్కకు పెట్టి తల దించుకుంది. "ఏమనుకోకమ్మా. మా ఇంట్ల గవి ఎవ్వలం ముట్టం. ఆ వాసన పడదు. సార్ ప్రేమతోటి ఇప్పిస్తుంటే వద్దనబుద్ధి గాలే. మొదటి సంది నాలాలనే పోస్తున్న. సార్‌కు చెప్పకు, బాధపడతడు."

ఆ ఆఖరి మాటకు జయశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచి పని చేసినవ్," అని మాత్రం అనగలిగింది. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. నిండిన బిందె ఇంట్లోకి చేరేదాకా ఒక చెయ్యి పట్టి, ఇంటిదారి పట్టింది. సగం దూరం వచ్చాక గానీ తట్టలేదు. మండలి ఇన్నాళ్లూ ధైర్యంగా తిన్నదంతా నాలా ఇచ్చిన భరోసా మీదేనన్నమాట.

గుమ్మంలోనే ఎదురొచ్చాడు కిషన్ రావు. "ఎట్లున్నది?"

"మంచిగున్నది."

తర్వాతి మాట వినేంత ఓపిక ఆయనకు లేదు. ఫోన్ అందుకుని అందరినీ భోజనానికి రమ్మన్నాడు. జయశ్రీ కూడా అడ్డు చెప్పలేదు. పసుప్పచ్చని పుట్టగొడుగులు వేయించి, బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నానికి మండలి అంతా కంచాల ముందు కూర్చుంది. "ప్రకృతి మనల్ని మోసం చెయ్యదు వదినమ్మా," అంటూ అందరికన్నా ముందు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు రమాకాంత్.

"మాసమ్మ మీ పుట్టగొడుగులు ఇంతవరకు ఒక్క ముక్క తినలేదంట," అన్నది జయశ్రీ అన్నం వడ్డిస్తూ. "మొదటి సంది నాలాల పారబోస్తున్నదంట."

చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రమాకాంత్ బుగ్గ నిండా ముద్దతో వాష్‌బేసిన్ దిక్కు పరుగెత్తాడు. ఒకాయన కిందటి వారం తిన్నవి గుర్తొచ్చి కడుపు పట్టుకున్నాడు.

కిషన్ రావు ముఖం జేవురించింది. "ఎంత మోసం జయా. నమ్మి ఇస్తే పారబోస్తదా? రేపటి నుంచి పనికి రావొద్దని చెప్పు."

జయశ్రీకి కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. గిన్నె ఎత్తి కూరంతా ఆయన కంచంలో బోర్లించింది.

"ఈసారి ముందు మీరు తినండి. రేప్పొద్దున లేచి కూసుంటే, అప్పుడు మాసమ్మకు పెడదాం."