కాటా గదిలో జ్వరాలు

పత్తి ట్రాక్టరు కాటా మీద నుంచి దిగకముందే లారీ డ్రైవర్ సురేష్ కిటికీలోంచి తల దూర్చాడు.

"అన్నా, సెలవు చీటీలో మేనేజరమ్మకు డియర్ అని రాస్తే తప్పా?"

"తప్పే కదప్పా. ఆయమ్మ ఏమీ అనకపోయినా మీ ఇంట్లో ఆయమ్మ కొడ్తాది. రెస్పెక్టెడ్ అని రాయి," అన్నాడు నూర్ బాషా, తూకం చీటీ చింపి ఇస్తూ. కనుబొమల నిండా పత్తి నూగు, చెవి మీద నీలం పెన్ను, మోకాళ్ళ దగ్గర ఉబ్బిన ప్యాంటు. ఆదోని జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా. వయసు నిండి ఈ సాయంత్రంతో నౌకరీ అయిపోతుంది.

యజమానులు బొంబాయి వాళ్ళు కాబట్టి సెలవు చీటీ ఇంగ్లీషులోనే ఉండాలన్నది మిల్లు పద్ధతి. అందుకని ఎవరికి ఇంగ్లీషు అనుమానం వచ్చినా కాటా గదికే వస్తారు. చివర్లో ఒబీడియంట్లీ రాయాలా, ఫెయిత్‌ఫుల్లీ రాయాలా అంటే, జీతమిచ్చే వాళ్ళకు మొదటిది, మిగతా లోకానికి రెండోది అని తేల్చేస్తాడు. ప్లీజ్, కైండ్లీ రెండూ వేయొచ్చా అంటే, "వేయప్పా, నీ సొమ్మేం పోతాది" అంటాడు. తప్పో ఒప్పో ఆయనకూ తెలియదు. ఆయనకు గట్టిగా వచ్చింది తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టిన జ్వరం చీటీ ఒక్కటే. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన. చెల్లెలి పెళ్ళయినా, శనక్కాయ పీకుడైనా, ఎమ్మిగనూరు జాతరైనా మిల్లులో అందరికీ జ్వరమే. పాత మేనేజరు అనుమానపడితే నూర్ బాషా సొరుగులోంచి థర్మామీటరు తీసి, వేడి టీ గ్లాసుకు కాసేపు ఆనించి, నూటరెండు చూపించి వచ్చేవాడు.

కొత్త మేనేజరు సంధ్య పాత ఫైళ్ళు తిరగేసి కడుపుబ్బ నవ్వింది. నవ్వి, ఇకమీదట జ్వరానికి డాక్టరు చీటీ ఉండాలంది.

ఆ దెబ్బ ఈ పొద్దున హులిగెమ్మకు తగిలింది. రోజూ కౌతాళం నుంచి బస్సులో వచ్చి పత్తిలో చెత్త ఏరే మనిషి. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు నాగవేణికి నొప్పులు మొదలయ్యాయని పనిలోకి దిగగానే ఫోను. గాభరాలో అలవాటుగా పాత జ్వరం చీటీయే ఇచ్చింది. అది సంతకం లేకుండా తిరిగొచ్చింది.

"ఇప్పుడు కాన్పంటే నమ్ముతాదా బాషన్నా? సెప్పకుండా పోతే సీజన్లో పని తీసేస్తారు. పోకుంటే నా బిడ్డ ఆడ ఒక్కతే ఐపోతాది," అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఏడవద్దమ్మా. ఉన్నదున్నట్టే రాస్తాం."

అనేశాడు గానీ, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో ఆయన ఎప్పుడూ రాసి ఎరగడు. వేళ్ళు జ్వరం వైపే పోతున్నాయి. భార్య మరియంబీ పోయిన రోజూ ఇంతే. డైడ్ అనాలా, ఎక్స్‌పైర్డ్ అనాలా, ఏది మర్యాదో తేలలేదు. రాస్తే నిజంగానే పోయినట్టవుతుందని చెయ్యి ఆడలేదు. చివరికి తనకే జ్వరమని రాసిచ్చి ఖననానికి వెళ్ళాడు. ఆ బాధ ఇన్నేళ్ళయినా తీరలేదు.

ఈసారి పెద్ద మాటలు వెతకలేదు. నా కూతురికి తొలికాన్పు. నొప్పులు వస్తున్నాయి. నేను దగ్గర ఉండాలి. పొద్దున రాసిన జ్వరం అబద్ధం. రాసి, తెలుగులో చదివి వినిపించాడు.

"అబద్ధమని కూడా రాసినావా!" హులిగెమ్మ గుండె పట్టుకుంది.

"రాసినా. నడువు."

సంధ్య చదివింది, సంతకం పెట్టింది. "ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా, వెళ్ళు!" అని కసిరింది. హులిగెమ్మ తలకు అంటిన పత్తి కూడా దులుపుకోకుండా బస్టాండుకు పరుగెత్తింది.

సాయంత్రం నాలుగింటికి నూర్ బాషాకు శాలువా కప్పి, అందరూ ఉగ్గాని బజ్జీ తిన్నారు. సురేష్ ఇంగ్లీషులో ఉపన్యాసం ఎత్తుకుని, రెండో మాట దగ్గర చేతులెత్తేశాడు. అంతలో హులిగెమ్మ ఫోను. "ఆడపిల్ల పుట్టింది బాషన్నా! ఇద్దురూ బాగుండారు!" ఆ కేక మిల్లంతా వినబడింది. నూర్ బాషా తనకే మనవరాలు పుట్టినట్టు ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

తర్వాత కాటా గదికెళ్ళి ఇంకో చీటీ రాసి, స్వయంగా పట్టుకెళ్ళాడు.

"ఇంకో గంటలో మీ డ్యూటీ అయిపోతుంది కదా బాషా గారూ, సెలవెందుకు?" అంటూ సంధ్య కాగితం విప్పింది. నా భార్య మరియంబీ చనిపోయింది. ఆ రోజు జ్వరమని రాశాను. నౌకరీ అయిపోయిందని వెలుతురుండగానే వెళ్ళి ఆమెకు చెప్పాలి. ఒక గంట సెలవు ఇప్పించ ప్రార్థన.

సంధ్య నవ్వలేదు. లేచి నిలబడి సంతకం పెట్టింది.

శాలువా భుజాన వేసుకుని నూర్ బాషా సైకిలెక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఓబన్న అడ్డం వచ్చాడు. "బాషన్నా, రేపట్నుంచి జ్వరమొస్తే మేం యాడికి పోవల్ల?"

"ఆస్పత్రికి పోప్పా!"

నవ్వుకుంటూనే మరియంబీ ఉన్న ఖబరస్తాన్ దారి పట్టాడు.

కాటా గదిలో సొరుగు సగం తెరిచే ఉంది. అందులో థర్మామీటరు, ఎవరూ విదిలించక, ఇంకా నూటరెండు దగ్గరే నిలిచి ఉంది.