రెండు కాలేజీల లోతు

పాలకాయతిప్పలో పొద్దెక్కకముందే ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే పనిలో పడతారు. ఇసకలో పాత వలలు పరిచి, ఉప్పు పట్టించిన నెత్తళ్ళను వాటి మీద పల్చగా చల్లి, ఎండ తిరిగిన కొద్దీ తిరగేస్తుంటారు. ఆ పని సాగినంతసేపూ పోలయ్య కూతురు రాజకుమారి పాడకూడదని ఊళ్ళో కట్టుబాటు. మాట్లాడొచ్చు, పోట్లాడొచ్చు, పాట మాత్రం ఎత్తకూడదు. ఎత్తిందంటే కాళ్ళ కింద ఉప్పునీళ్ళు ఊరతాయి. రెండ్రోజులు ఎండిన సరుకు మళ్ళీ పచ్చిదైపోతుంది.

"ఒసే రాజీ, ఆ కూనిరాగం కట్టిపెట్టు. నా నెత్తళ్ళు నానుతున్నాయి!" అని ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు.

వాకిట్లో పాడితే ఉత్త తడే. ఇంట్లో పాడితే మోకాలిలోతు వస్తుంది. గొంతు అదే, చోటు ఇరుకైన కొద్దీ లోతు పెరుగుతుంది. ఆ నీళ్ళు గుమ్మం దాటవు. పాట ఆగిన అరగంటకి వాటంతటవే ఇంకిపోతాయి. అందుకే వాళ్ళమ్మ సత్యవతి బియ్యం డబ్బా అటకెక్కించి, పొయ్యిని నడుమెత్తు గట్టు మీద వేయించుకుంది. కోడూరు హైస్కూల్లో పాట నేర్పిన జానకి టీచరు కూడా ఆ పిల్లని గదిలో కాకుండా ఆటస్థలంలో నిలబెట్టి నేర్పింది.

తొంభై తొమ్మిదిలో రాజకుమారి ఇంటర్ పాసయ్యింది. జానకి టీచరు రెండు దరఖాస్తు ఫారాలు తెచ్చిచ్చింది. ఒకటి బందరులో పెద్ద కాలేజీది. రెండోది గుడివాడలో రైలుగేటు దగ్గర, మందుల షాపు మీద మేడగదిలో నడిచే సంగీత కాలేజీది. రెండిట్లోనూ మూడేళ్ళ సంగీతం డిగ్రీయే.

చేపల వ్యాను నడిపే ప్రసాద్ మావయ్య రెండో ఫారం చూసి పగలబడి నవ్వాడు.

"తొమ్మిది మంది పిల్లలంట. దాన్ని కాలేజీ అంటారా, ట్యూషనంటారా? బందరు కాలేజీ గేటు చూశావంటే కళ్ళు తిరుగుతాయ్. లారీ దూరుద్ది అందులోంచి."

"నేను లారీనా మావయ్యా?"

"నోరు చూడండి దీనిది!"

"నోరు చూసేగా టీచరుగారు ఫారాలిచ్చింది," అంది రాజకుమారి.

పోలయ్య ఈ వాదనలోకి దిగలేదు. చూరులోంచి తన గెడ తీశాడు. పడవ మీద నిలబడి లోతు చూసే ఐదు మూరల వెదురు అది. జానెడుకొకటి చొప్పున తారుతో గీతలు పెట్టి ఉంటాయి. తెలియని చోట లోతు చూడకుండా ఏ పనీ చెయ్యడు పోలయ్య.

అవనిగడ్డలో బందరు బస్సు మీదికి గెడ ఎక్కిస్తుంటే కండక్టరు కిందనుంచి కేకేశాడు. "గెడకి టిక్కెట్ అడగను గానీ, దించేటప్పుడు మా అద్దాలు జాగ్రత్తండీ బాబూ!"

బందరు కాలేజీ హాలు, నాలుగు పడవలు పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగిలేంత ఉంది. సంగీతం సీట్లకే రెండొందల మంది వచ్చారు. మనిషికి రెండు నిమిషాలు. రాజకుమారి వంతు వచ్చింది. వర్ణం ఎత్తుకోగానే ఆ హాలంతా పల్చగా నీళ్ళు తేలాయి. పాట పరీక్షించేవాళ్ళ వరసలో కూర్చున్న మేడమ్ ఒకావిడ చెప్పులు విడిచి, కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని, "బావుందమ్మా, సీటిచ్చేశాం. నెక్స్ట్!" అంది. అటెండరు గోనెపట్టాతో నేల తుడవడం మొదలెట్టాడు.

పోలయ్య వంగి గెడ చూశాడు. అతని ముఖం వికసించింది.

"అర బెత్తెడు! మడమ కూడా మునగలా. ఇక్కడే చేరిపో అమ్మా. నాకిక దిగుల్లేదు."

"ఒక్కచోట లోతు చూసి వల వేస్తావా నువ్వు?"

"వల సంగతి వేరు. పిల్ల సంగతి వేరు."

"రెండో ఫారం కూడా నా పేరు మీదే ఉంది నాన్నా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను. గుడివాడ బస్సు ఎక్కడాగుద్దో నాకు తెలుసు."

గుడివాడ మేడగదిలో ఆంజనేయులు మాస్టారు ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. అరవై దాటిన బక్కమనిషి. ఆ కాలేజీకి ప్రిన్సిపాలూ ఆయనే, గాత్రం చెప్పేదీ ఆయనే. పక్కన నీలోఫర్ అనే రెండో ఏడాది పిల్ల శ్రుతిపెట్టె వాయిస్తోంది. రాజకుమారి పల్లవి దాటేసరికి నీళ్ళు నడుం దాకా వచ్చాయి. నీలోఫర్ శ్రుతిపెట్టెను అలమర పైకెక్కించి, తనూ బల్ల ఎక్కి వాయిస్తూనే ఉంది. మాస్టారు నీళ్ళలోనే తొడ మీద తాళం వేస్తున్నారు. గెడ మీద ఒక్కో గీతా మునిగిపోతోంది. నీళ్ళు ఛాతీకి తగిలేసరికి పోలయ్య కేకపెట్టాడు.

"ఆపు! చాలు, ఆపేయ్!"

పాట ఆగింది. నీళ్ళు అక్కడే నిలిచాయి.

"ఎందుకాపావు?" అన్నారు మాస్టారు.

"నాన్న ఆపమన్నాడండి."

"ఆపితే తగ్గిందా?"

"తగ్గవండి. అరగంటకి ఇంకిపోతాయి."

"ఎక్కించిందానివి నువ్వేగా. దించడం ఎవరూ నేర్పలేదా?"

రాజకుమారి ఉలిక్కిపడింది. నీళ్ళను దించొచ్చని ఆ పిల్లకి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

"నీ ఆరోహణ సముద్రంలా ఉంది. అవరోహణ లేనే లేదు. పై స్వరం నుంచి కిందికి దూకేస్తున్నావు. బందరులో ఏమన్నారు?"

"బావుందన్నారండి."

"అయితే అక్కడికే వెళ్ళు తల్లీ. బావుంటుంది."

రాజకుమారికి ముఖం జేవురించింది. "బావుందనిపించుకోడానికి రెండు బస్సులు మారి రాలేదండి."

"పద," అన్నాడు పోలయ్య కూతురి రెక్క పట్టుకుని. "ఇది గది కాదు, నుయ్యి. డెబ్భై ఏడు ఉప్పెనలో ఇంతే, మొల, ఛాతీ, గడ్డం... రెప్పపాటులో వచ్చింది. మా చెల్లెలి చెయ్యి ఈ చేతిలోంచే జారిపోయింది. నీకేం తెలుసు?"

"తెలుసు నాన్నా. మీరందరూ చెప్తుంటే వింటూ పెరిగాను. అందుకే చెప్తున్నాను, అర బెత్తెడులో ఉంటే నేను మునగను, నిజమే. నా గొంతులో ఏముందో కూడా నాకెప్పటికీ తెలీదు. నీళ్ళు ఎక్కించడం వచ్చి, దించడం రాకుండా బతకమంటావా? నేను రాను. నువ్వెళ్ళాలంటే గుమ్మం అదిగో."

పోలయ్య గుమ్మం వైపు చూశాడు. నాలుగడుగులు వేస్తే పొడినేల. కూతురు మాత్రం కదల్లేదు. అతను చెయ్యి వదల్లేదు.

"నిలబడతావా, అయితే? నేను దించేదాకా?"

పోలయ్య రెండో చేత్తో గెడని నేలకి బిగించి ఆనించాడు. అక్కడే నిలబడ్డాడు.

మొదటిసారి పాడితే దిగడానికి బదులు మరో జానెడు ఎక్కింది. నీళ్ళు గడ్డం కింద తగిలాయి. పోలయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"తొందర," అన్నారు మాస్టారు, స్టూలు మీద లేచి నిలబడి. "వదిలించుకుందామని చూస్తున్నావు. ఒక్కో స్వరం మీదా ఆగు. కాలు ఆనిందని తెలిశాకే కిందిది పట్టుకో."

రాజకుమారి ఊపిరి తీసుకుని పై షడ్జం మీద నిలబడింది. చాలాసేపు నిలబడింది. తర్వాత నిషాదం మీదికి దిగింది. తర్వాత ధైవతం.

"బాబాయ్, కళ్ళు తెరవండి," అంది బల్ల మీదనుంచి నీలోఫర్. "గీత కనిపిస్తోంది."

గెడ మీద తడి తారుగీత ఒకటి మెరుస్తోంది. పంచమం దగ్గర రెండోది బయటపడింది. ఆ పిల్ల గొంతు వణికింది, ఒకసారి తప్పింది. తప్పిన చోట నీళ్ళు అంగుళం ఎగిరాయి. మళ్ళీ అదే స్వరం అందుకుంది, వదల్లేదు. ఛాతీ తేలింది. మొల తేలింది. మోకాళ్ళు తేలాయి. కింది షడ్జం మీద ఆగేసరికి కాళ్ళ కింద గచ్చు కనిపించింది.

డెబ్భై ఏడులో పోలయ్య ఒక తుమ్మకొమ్మకి వేలాడుతూ స్పృహ తప్పాడు. మెలకువ వచ్చేసరికి కింద బురదే మిగిలింది. నీళ్ళు రావడం చూశాడు గానీ, పోవడం చూడలేదు. ఈ ఇరవై రెండేళ్ళూ వేటకి పోతూనే ఉన్నాడు, కానీ నీళ్ళు మళ్ళీ వస్తాయేమోనని ఏ పూటా సముద్రం వైపు తల పెట్టి పడుకోలేదు. ఇప్పుడు గచ్చు మీద కూలబడి, తన పాదాలకేసీ, కూతురి పాదాలకేసీ చూశాడు. ఆ పిల్ల చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.

మాస్టారు అలమర పై అరలోంచి అడ్మిషన్ ఫారం తీసి, తడవని కలం కోసం వెతికారు.

"తండ్రిగారి సంతకం ఇక్కడండీ."

"పెడతానండీ మాస్టారూ," అన్నాడు పోలయ్య. కూతురి వైపు తిరిగాడు.

"ముందు ఇంకోసారి ఎక్కించు రాజీ. ఈసారి కళ్ళు మూసుకోను."