గంటే కదా విజయవాడ

చౌడప్ప గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని చీర కొంగు నేస్తూ ఉన్నాడు. ఇంకా జానెడు మిగిలింది. ఇన్నాళ్లూ పని ఆపించిన విషజ్వరం తగ్గినా వేళ్ల కణుపుల వాపు పోలేదు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరినప్పుడల్లా పళ్లు బిగబడుతున్నాయి. ధర్మవరంలో నలభై ఏళ్లుగా ఎవరెవరి పెళ్లికూతుళ్లకో నేశాడు గానీ ఇంటి పిల్లకు నేయడం ఇదే మొదలు. తెల్లవారితే విజయవాడలో చెల్లెలి కూతురు అశ్విని పెళ్లి. మేనమామ తెచ్చిన చీర కట్టుకునే పీటల మీద కూర్చోవాలి. ఆ చీరేమో ఇంకా మగ్గం మీదే ఉంది.

రాత్రి రైలెక్కితే ముహూర్తం దాటిపోతుందని, మేనల్లుడు ఉమేష్ కడప నుంచి సాయంత్రం విమానానికి టికెట్ తీశాడు. "విమానంలో గంటే మామా" అన్నాడు. ఆ మాటే కొంప ముంచింది. చౌడప్పకు తెలిసిన దూరాలు రెండే: బస్సులో పెనుకొండకు గంట, హిందూపురానికి రెండు గంటలు. పెనుకొండకు బయల్దేరినట్టే, ఎండ తగ్గినాక రమ్మని కారు నడిపే సాదిక్‌కు చెప్పాడు.

సాదిక్ పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమబ్బా, ఇప్పుడే వచ్చినావు?"

"గంటనేది ఆకాశంలో అన్నా. కడప యాడుండాది, నువ్వు యాడుండావు? నాలుగు గంటలు రోడ్డు మీదే పోవల్ల. ఆలస్యమైతే తలుపులేస్తారు."

చౌడప్ప గబుక్కున నాడె అందుకున్నాడు. ఆ తర్వాత వేళ్ల నొప్పి గుర్తుకే రాలేదు. మధ్యాహ్నానికి కొంగు ముగించి, చీర కోసి, మడతపెట్టి సంచిలో పెట్టాడు. సాదిక్ కారు తీశాడో లేదో, ఈయన మళ్లీ మగ్గంలోకి దిగాడు.

"మళ్లా ఏందన్నా?"

"కోసిన మగ్గాన్ని ఉత్తగా ఇడిసిపెట్టి గడప దాటకూడదు. మా నాయన నేర్పించినాడు. కొత్త సీరకు నాలుగు పోగులేసి వస్తా."

వేశాడు. ఆ నాలుగు పోగులకూ సాదిక్ నాలుగుసార్లు హారన్ కొట్టాడు.

ముదిగుబ్బ దాకా సాదిక్ కారును ఎక్కడా ఆపకుండా ఉరికించాడు. పులివెందుల దాటినాక లారీల వెనక ఇరుక్కున్నారు. చౌడప్ప సంచిని కడుపుకు హత్తుకుని, అంగడి చీరతో పీటల మీద కూర్చున్న అశ్వినిని తలుచుకుని కుమిలిపోయాడు.

కడపలో కౌంటర్ ఇంకా మూయలేదు. అక్కడి అమ్మాయి చీటీ చేతికిచ్చాక హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే, యంత్రం లోంచి వచ్చిన సంచిని యూనిఫాం వేసుకున్నాయన పక్కకు లాగాడు. చౌడప్ప సంచి వెంటే నడిచాడు. జరీ ఉంటే చీరను పంపరేమో అనుకున్నాడు.

"పెండ్లి సీర సార్. నేనే నేసినా. తెల్లారితే మా పాప కట్టుకోవల్ల."

ఆయన చీరను మడత చెడకుండా పక్కన పెట్టి, సంచి అడుగు నుంచి చిన్న కత్తెర తీశాడు. పోగులు తెంపే కత్తెర. హడావిడిలో అలవాటుగా సంచిలో పడేసినట్టున్నాడు.

"ఇది కుదరదు పెద్దాయనా. వదిలేసి వెళ్లాలి."

"అంతేనా సార్? మీరే పెట్టుకోండి" అన్నాడు చౌడప్ప. ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

జేబులో ఫోను మోగింది. అశ్విని. "మామా, యాడుండావు?"

"ఎక్కుతాండా పాపా. సీర నా సేతిలోనే ఉండాది. గంటే."

సంచి చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా గాజు తలుపు దాటి వెళ్లిపోయాడు. బల్ల మీద ట్రేలో కత్తెర మిగిలింది. దాని నోట్లో ఎర్ర పట్టుపోగు ఒకటి ఇంకా చిక్కుకునే ఉంది.